కంపెనీని వదిలి ఇళ్లు కట్టినవాడు

"అమ్మా, ఈ ఉద్యోగం మానేస్తున్నా. జమ్మలమడుగుకే వచ్చి ఇళ్ల స్థలాల వ్యాపారం పెడతా. అందరి మాదిరి కాదు, జనానికి మేలు జరిగేటట్లు చేస్తా."

"మానేసి ఏం చేస్తావు నాయనా? ఒకటో తేదీకి జీతం పడే ఉద్యోగం గదా!"

ప్రియ పాఠకులారా, ఇటువంటి మాటలు మన విచారణలలో ఏ ఇంట్లోనైనా వినబడవచ్చు. బెంగళూరులోనో, హైదరాబాదులోనో పెద్ద కంపెనీలో పదేళ్లు పనిచేసిన కొడుకు ఒకరోజు వచ్చి ఈ సంగతి చెబుతాడు. అతని కోరికను వెర్రి అని కొట్టివేయరాదు. అమ్మ భయమూ తీసివేయదగింది కాదు. ఈ వారం పాఠంలో ఆ కుర్రవాడు చివర అన్న మాటను పట్టుకుని ఆలోచిద్దాం. 'జనానికి మేలు జరిగేటట్లు' భూమి అమ్మడం, ఇల్లు అమ్మడం అంటే ఏమిటి? మర్యాదగా మాట్లాడి, కొన్నవారికి కాఫీ ఇచ్చి పంపితే సరిపోతుందా?

ముందుగా మన నేల సంగతి. పెన్న ఒడ్డున ఉన్న మన ప్రాంతంలో పైన బుడ్డశనగ, జొన్న, పత్తి పండుతాయి, కింద బండ దొరుకుతుంది. దేశమంతటా 'కడప బండ' అని పిలిచే ఆ నల్లరాయి మీదనే మన మిద్దెలు లేచాయి. ఇప్పుడు మూడో పంట ఒకటి వచ్చింది. అదే ప్లాటు. రోడ్డు పక్క చేలో రంగు పూసిన రాళ్లు పాతితే చాలు, అది వెంచరు అయిపోతుంది.

దీనికి ఉక్కు కర్మాగారం ఆశ కూడా తోడయింది. 2007లో జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. పదివేల ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. అది సాగక కేటాయింపు రద్దయింది. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నె దగ్గర ఒక శంకుస్థాపన, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర మరొకటి, 2023 ఫిబ్రవరిలో అక్కడే ఒక ప్రైవేటు సంస్థ పెట్టుబడితో ఇంకొకటి. శంకుస్థాపన వార్త రాగానే సెంటు ధర గురించి హోటళ్ల దగ్గర మాటలు మొదలవుతాయి. ఆ మాటలు నమ్మి అప్పుచేసి స్థలం కొన్నవారికి వడ్డీ మాత్రం ఏ వార్త కోసమూ ఆగదు. వారికి ఆ స్థలం అమ్మినవాడు అప్పటికే కమీషన్ తీసుకుని వేరే ఊళ్లో వేరే వెంచరు దగ్గర ఉంటాడు.

మన కుర్రవాడు రాదలచుకున్నది ఇటువంటి చోటికి. ఇక అతనికంటే ముందే ఈ దారిలో నడిచిన ఒక మనిషి కథ చూద్దాం. అతడు అమెరికా దేశస్థుడు. అయినా అతని పని మన తెలుగు నేల మీదికి కూడా వచ్చింది కాబట్టి దూరపు కథ అనుకోనక్కరలేదు.

మిలార్డ్ ఫుల్లర్ 1935లో అలబామా రాష్ట్రంలో పుట్టాడు. లా చదువుతున్నప్పుడే స్నేహితుడితో కలిసి కంపెనీ పెట్టాడు. పోస్టు ద్వారా రకరకాల వస్తువులు, వంట పుస్తకాలు అమ్మేవారు. ముప్ఫయ్యేళ్లు నిండకముందే అతడు మిలియనీరు. పెద్ద ఇల్లు, పశువులు మేసే వందల ఎకరాలు, ఖరీదైన కారు, ఒక్కటి తక్కువ లేదు. ఇంట్లో మాత్రం అతడు ఉండేవాడు కాదు. పొద్దున్నే కంపెనీకి పోయి రాత్రికి వచ్చేవాడు.

1965లో భార్య లిండా ఇక ఇలా బతకలేనని చెప్పి, ఒక పాస్టరు సలహా కోసం న్యూయార్కు వెళ్లిపోయింది. ఫుల్లర్ వెంట వెళ్లాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఏడ్చారు, రాజీపడ్డారు. కంపెనీలో తన వాటాను, ఆస్తిని అమ్మి, ఆ డబ్బును దానధర్మాలకు ఇచ్చివేసి మళ్లీ మొదటినుంచి బతుకుదామని నిర్ణయించుకున్నారు. ఇక్కడ కుటుంబాలు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ నిర్ణయం భర్త చేసి భార్యకు తెలియజేసింది కాదు. ఇద్దరూ కలిసి చేసింది. మన ఇళ్లలో చాలాసార్లు రాజీనామా ఇచ్చిన తరువాత ఇల్లాలికి తెలుస్తుంది. నగలు కుదువ పెట్టవలసి వచ్చినప్పుడు మాత్రం ముందుగానే తెలుస్తుంది.

ఆస్తి వదిలినంత మాత్రాన ఏం చేయాలో ఫుల్లరుకు తెలిసిపోలేదు. ఆ డిసెంబరులోనే జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే చిన్న పట్నం దగ్గర కొయినోనియా అనే వ్యవసాయ క్షేత్రానికి వెళ్లాడు. కొయినోనియా అంటే గ్రీకు భాషలో సహవాసం. క్లారెన్స్ జోర్డాన్ అనే బాప్టిస్టు బోధకుడు 1942లో దాన్ని స్థాపించాడు. అక్కడ తెల్లవారూ నల్లవారూ ఒకే బల్ల దగ్గర తినేవారు. అందుకు చుట్టుపక్కల వారు వారితో వ్యాపారం మానివేశారు, తుపాకులతో కాల్చారు కూడా. 1968లో ఫుల్లర్ తిరిగి అక్కడికే వచ్చి, జోర్డాన్‌తో కూర్చుని ఒక పథకం వేశాడు.

ఆ పథకం మన భాషలో చెప్పాలంటే లేఔటే! క్షేత్రం భూమిలో కొంత భాగాన్ని 42 ఇంటి స్థలాలుగా విడదీశారు. ఒక్కొక్కటి అర ఎకరం, అంటే మన లెక్కలో 50 సెంట్లు. (మనవాళ్లకు సెంటున్నర స్థలం దొరికితే పండుగ.) మధ్యలో పిల్లలు ఆడుకోవడానికి నాలుగు ఎకరాలు వదిలారు. చుట్టుపక్కల గుడిసెల్లో ఉండే పేద నల్లజాతి కుటుంబాలకు ఆ స్థలాల్లో ఇళ్లు కట్టి ఇవ్వాలన్నది ఆలోచన. మొదటి ఇల్లు పూర్తికాకముందే, 1969 అక్టోబరులో, జోర్డాన్ కన్నుమూశాడు. ఫుల్లర్ పని ఆపలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. ఆ ఇళ్లను ఫుల్లర్ దానంగా ఇవ్వలేదు. అమ్మాడు. ఖర్చయినంత ధరకే, లాభం లేకుండా అమ్మాడు. సొమ్ము ఒకేసారి కట్టనక్కరలేదు, 20 ఏళ్ల కంతుల మీద కట్టవచ్చు. ఆ కంతులకు వడ్డీ లేదు. పేద సోదరునికి అప్పిచ్చినప్పుడు వడ్డీ గుంజరాదని నిర్గమకాండం 22వ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞను ఆయన అక్షరాలా తీసుకున్నాడు. వచ్చిన కంతులన్నీ ఒక నిధిలో పడేవి, ఆ నిధితో మరో ఇల్లు లేచేది. ఇల్లు పొందేవారు తమ ఇంటికీ పక్కవారి ఇంటికీ కూలి లేకుండా కొన్ని వందల గంటలు పనిచేయాలి.

ఇది ఎలా నడుస్తుందో మన రూపాయల్లో చూద్దాం. ఒక చిన్న ఇంటికి 3 లక్షలు అయిందనుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 6,000 రూపాయలు. ఐదేళ్లు తప్పకుండా కట్టినా 3 లక్షల 60 వేలు పోతుంది, అసలు అసలుగానే నిలబడి ఉంటుంది. వడ్డీ లేకుండా పదేళ్లకు కంతులు పెడితే నెలకు 2,500. పదేళ్లకు ఇల్లు వారిదే. అటువంటి కుటుంబాలు 40 ఉంటే నెలకు లక్ష రూపాయలు నిధిలో చేరుతుంది. మూడు నెలలకొకసారి 41వ ఇల్లు, 42వ ఇల్లు, అలా పోతుంది. ఎవరూ ఎవరికీ చేయి చాపలేదు. కట్టేవాడు తన ఇంటికి కడుతున్నాడు, ఆ డబ్బే పక్కవాడి పునాదిలో పడుతోంది.

ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది, దాన్ని దాచరాదు. సిమెంటు ధర, ఇనుము ధర, మేస్త్రీ కూలి పదేళ్లు ఒకేచోట నిలబడవు. ఈ రోజు 3 లక్షలకు లేచిన ఇల్లు అప్పటికి ఆ డబ్బుకు లేవదు. కాబట్టి నిధి మెల్లగా కరుగుతుంది, బయటినుంచి విరాళాలు రావలసి ఉంటుంది. కంతును రూపాయల్లో కాక ఇన్ని సిమెంటు బస్తాల ధర అని రాసుకుంటే ఎలా ఉంటుందని నాకొక ఆలోచన. అది వడ్డీ కిందికి వస్తుందా రాదా అని పెద్దలు తేల్చాలి. ఏమైనా, బ్యాంకు దగ్గర వడ్డీకి తెచ్చిన డబ్బుతో వడ్డీ లేని ఇళ్లు అమ్మడం ఒక్క మనిషి చేయగల పని కాదు. ఉద్యోగం మానదలచిన కుర్రవాడు ఇది ముందే తెలుసుకోవాలి.

1973లో ఫుల్లర్ కుటుంబంతో సహా ఆఫ్రికాలోని జయీరు దేశానికి వెళ్లి, మబండాకా పట్నంలో ఇదే పద్ధతిని మూడేళ్లు నడిపి చూశాడు. తిరిగివచ్చి 1976లో హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థను స్థాపించాడు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1984 నుంచి సుత్తి పట్టుకుని ఈ ఇళ్ల దగ్గర పనిచేయడంతో ప్రపంచమంతా దీని పేరు తెలిసింది. 2006లో మహారాష్ట్రలోని లోనావాలా దగ్గర కూడా ఆయన గోడలు కట్టాడు. అంతకు చాలాముందే, 1983లో, ఈ సంస్థ భారతదేశంలో తన పని మొదలుపెట్టింది. ఆ మొదలుపెట్టిన చోటు ఢిల్లీ కాదు, బొంబాయి కాదు. మన ఖమ్మం!

మన పొరుగునే ఉన్న అనంతపురం సంగతి పాఠకులకు తెలిసిందే. యేసు సభ గురువుగా స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అక్కడికి చేరారు. ఆ మరుసటి సంవత్సరం యేసు సభను విడిచిపెట్టారు. ఆయన నెలకొల్పిన సంస్థ వేలాది పేద కుటుంబాలకు ఇళ్లు కట్టించింది. ఇంటి హక్కును ఇల్లాలి పేర రాయించడం వారి పద్ధతి. అది వ్యాపారం కాదు, సేవ. కాని ఇల్లు ఎవరి పేర ఉండాలి అన్న ప్రశ్న మన కుర్రవాడి వెంచరుకూ పనికివస్తుంది.

ఫుల్లర్ కథ చివర కూడా చెప్పాలి. ఒక ఉద్యోగిని పట్ల ఆయన ప్రవర్తన సరిగా లేదని ఆరోపణ వచ్చింది. ఆయన దాన్ని ఖండించాడు, తగిన రుజువు లేదని పాలక మండలి తేల్చింది. అయినా మండలికీ ఆయనకూ మధ్య వివాదం ముదిరి, 2005 జనవరిలో తాను స్థాపించిన సంస్థ నుంచే ఆయనను తొలగించారు. అదే సంవత్సరం ఆయన మరో గృహనిర్మాణ సంస్థ పెట్టుకున్నాడు. 2009 ఫిబ్రవరిలో మరణించాడు. ఆయన పోయినా మొదటి సంస్థ ఇళ్లు కడుతూనే ఉంది. ఆయన మంచితనం మీద కాక కంతు, నిధి, ధర అనే నియమాల మీద పని నిలబడి ఉండటమే దానికి కారణమని నా ఉద్దేశం.

మన కుర్రవాడు ఫుల్లర్ లాగా లాభం పూర్తిగా వదలాలని ఎవరూ అడగరు. అతనికీ పిల్లల ఫీజులున్నాయి. రెండవ జాన్ పాల్ పోపు గారు 1991లో వెలువరించిన 'చెంతేసిముస్ అన్నుస్' విశ్వలేఖలో, సంస్థ సవ్యంగా నడుస్తోందనడానికి లాభం ఒక గుర్తు అని ఒప్పుకున్నారు. కాని అదొక్కటే గుర్తు కాదని, లెక్కల పుస్తకం సరిగ్గా ఉన్నప్పటికీ అందులోని మనుషులు అవమానపడుతూ ఉండవచ్చునని కూడా హెచ్చరించారు. కాబట్టి లాభం ఎంత అన్నదానితోపాటు అది ఎవరి దగ్గర నుంచి, ఎలా వచ్చింది అని చూడాలి.

కొనేవాడి గురించి అందరూ మాట్లాడతారు. అమ్మిన రైతు మాట ఎవరూ ఎత్తరు. వానలు లేని ఏడాది, కూతురి పెళ్లి ముందు, ఆస్పత్రి ఖర్చు వచ్చినప్పుడు మన రైతు చేను అమ్ముతాడు. బయానా చేతిలో పెట్టి, నెలల తరబడి మిగతా సొమ్ము ఇవ్వకుండా, అదే భూమిని ప్లాట్లుగా ముందే అమ్ముకునే వారున్నారు. లేవీయకాండం 25వ అధ్యాయంలో భూమి ధర కట్టే పద్ధతి ఒకటి ఉంది. జూబిలీ సంవత్సరానికి ఇంకా ఎన్ని పంటలు మిగిలి ఉన్నాయో లెక్కించి ధర కట్టాలి, ఒకరినొకరు మోసగించుకోరాదు. అమ్మేవాడి అవసరాన్ని బట్టి కాక పంటను బట్టి ధర అన్నమాట. జనానికి మేలు చేస్తానన్న కుర్రవాడు తన పరీక్ష ఇక్కడే మొదలు పెట్టుకోవాలి.

మన పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి.కె.టి. పట్టా భూముల విషయంలో మరీ జాగ్రత్త. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది. 2023లో కొన్ని భూములకు సడలింపు వచ్చినా, ప్రతి చెక్కకూ విడిగా కాగితం చూడవలసిందే. 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడకుండా బయానా ఇవ్వరాదు.

ఇక రెండవది, డబ్బు ఎక్కడ పెడతాడు అన్నది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టాన్ని 'రెరా' అంటున్నారు. దాని ప్రకారం 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 12 సెంట్లకు మించిన లేఔటును నమోదు చేయించకుండా అమ్మకానికి పెట్టకూడదు. కొన్నవారు కట్టిన సొమ్ములో 70 శాతాన్ని వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ భూమికీ ఆ పనికీ మాత్రమే వాడాలి. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. మధ్యవర్తి కూడా నమోదు చేసుకోవాలి. ఇవన్నీ చట్టం చెప్పిన కనీసపు నియమాలు. ఒక వెంచరు డబ్బు తీసి ఇంకొక వెంచరు భూమికి బయానా ఇచ్చేవాడు ఎంత తియ్యగా మాట్లాడినా అతని దగ్గర కొన్నవారు చిక్కులో పడ్డట్టే.

మూడవ సంగతి చెప్పడానికి కొంచెం బాధగానే ఉంది. మన కుర్రవాడికి మొదటి కొనుగోలుదారులు ఎవరు? బంధువులు, గుడికి వచ్చేవారు, సంఘం మహిళలు. 'మనవాడు గదా' అని ఇ.సి. అడగరు, లింకు డాక్యుమెంట్లు అడగరు, రసీదు కూడా అడగరు. ఆదివారం పూజ అయిన తరువాత గుడి వరండాలోనే బేరం ముగుస్తుంది. అనుమానంగా చూస్తే ఏమనుకుంటారో అని మొహమాటం. తరువాత ఏదైనా తేడా వస్తే రెండు కుటుంబాలు ఒకే గుడికి రావడం మానుకుంటాయి.

యిర్మీయా ప్రవక్త భూమి కొన్న ఘట్టం ఇటువంటివారు ఒకసారి చదవాలి. 32వ అధ్యాయంలో ఉంది. యెరూషలేమును బబులోనియా సైన్యం ముట్టడించి ఉంది, ప్రవక్త బందీగా ఉన్నాడు. అటువంటప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో తన పొలం కొనమన్నాడు. అమ్మేవాడు దగ్గరి బంధువు, కొనేవాడు దేవుని ప్రవక్త. అయినా ఏం చేశారో చూడండి. 17 తులాల వెండిని త్రాసులో తూచి ఇచ్చాడు. పత్రం రాయించి సంతకం చేశాడు, సాక్షుల చేత చేయించాడు. ఒక ప్రతికి ముద్ర వేశారు, ఒక ప్రతిని ఎవరైనా చూసుకోవడానికి విప్పి ఉంచారు. అందరి ఎదుటా ఆ రెండింటినీ బారూకు చేతికిచ్చి, చాలాకాలం పాడవకుండా మట్టికుండలో దాచిపెట్టమన్నాడు. మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పని అంతా అక్కడ జరిగింది!

ఇప్పుడు ఆ అమ్మ దగ్గరికి తిరిగి వెళదాం. కొడుకును ఆపమని గాని, పంపమని గాని ఆమెకు సలహా ఇవ్వను. కాని ఒక సాయంత్రం కోడలిని కూడా కూర్చోబెట్టుకుని కొన్ని సంగతులు అడగమంటాను. ఏడాది పాటు ఒక్క ప్లాటూ అమ్ముడుపోకపోతే ఇల్లు దేనితో గడుస్తుంది? రైతుకు సొమ్మంతా ఇచ్చిన తరువాతే రాళ్లు పాతుతావా, ముందే పాతుతావా? కొన్నవారి డబ్బు ఏ ఖాతాలో ఉంటుంది, ఆ పుస్తకం వారు అడిగితే చూపిస్తావా? సెంటుకు నీకు మిగిలేది ఎంతో కొనేవారికి చెప్పగలవా? ఒక కూలి కుటుంబం మూడు కంతులు తప్పితే, వారు అప్పటిదాకా కట్టింది ఏమవుతుంది?

"అవన్నీ రాసి పెడతాలేమ్మా" అంటే, "ఎప్పుడు?" అని అడగాలి. రాజీనామా లేఖ కంటే ముందు రాయమనాలి.